బండి కట్టు

మా నల్లపాడులో పత్తి బండి కట్టడం బరువు తెలిసినవాడి పని. పత్తికి బరువు తక్కువ, చోటు ఎక్కువ. అందుకే బండికి ఇరుపక్కలా కర్రలు నిలబెట్టి, తడికలు కట్టి, మనిషెత్తున బోరాలు పేర్చేవారు. బరువు ముందుకు పడితే ఎద్దుల మెడలు కాడి కింద నలుగుతాయి, వెనక్కి పడితే కాడే పైకి లేస్తుంది. భారమంతా ఇరుసు మీద నిలవాలి. మా నాయన నొగ కాస్త ఎత్తి చూసి చెప్పేసేవాడు. ఆ చెయ్యి ఏ కాటాకూ తీసిపోదు. తర్వాత టైరు బండ్లు, ట్రాక్టర్లు వచ్చాయి. 2005లో టాటా ఏస్ వచ్చాక కర్రల చోట ఇనుప యాంగిళ్లు వెల్డింగ్ చేయించుకుంటున్నారు. గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు (బస్తాలు) కూడా ఆ బండ్లలో వెళ్తున్నాయి. పైన మోకు మాత్రం ఇప్పటికీ చేత్తోనే బిగించాలి.