మేడ్చల్, శామీర్‌పేట ప్రభుత్వ బడులు: పోలికకు ముందు తెలుసుకోవలసిన చరిత్ర

రెండు ప్రభుత్వ పాఠశాలలను పోల్చమంటే చాలామంది పదో తరగతి ఉత్తీర్ణత శాతాలు చూసి తేల్చేస్తారు. హైదరాబాద్ ఉత్తర శివారులోని మేడ్చల్, శామీర్‌పేటల విషయంలో ఆ పద్ధతి పనికిరాదు. ఇక్కడ ‘సర్కారు బడి’ అన్న ఒక్క మాట కింద వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాల కోసం పుట్టిన బడులు పక్కపక్కనే ఉన్నాయి. ఏ బడి ఎవరిని చేర్చుకుంటుందన్నది ముందు తెలియాలి.

నిజాం కాలంలో మేడ్చల్, నగరం చుట్టూ విస్తరించిన అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో ఒక తాలూకా. మన్మాడ్ వైపు వెళ్లే రైలు మార్గం కూడా ఈ ఊరి మీదుగానే పడింది. శామీర్‌పేటకు రైలు లేదు. ఆ ఊరికి గుర్తింపు తెచ్చింది పెద్ద చెరువు. అయితే రెండు ఊళ్లకూ ఒక ఇబ్బంది సమానమే. రాజ్యంలో పై చదువుల భాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూలోనే బోధించింది. ఇంట్లో తెలుగు మాట్లాడే రైతు బిడ్డ పై తరగతికి పోవాలంటే ముందు భాష దాటాలి. ఖాన్గీ బడి పెట్టుకుందామన్నా సర్కారు అనుమతి కావాలి. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మాతృభాషలో చదువు కావాలని అడగడానికి నేపథ్యం ఇదే.

తర్వాతి దశను మీరు బడి బోర్డు మీదే చదవవచ్చు. ‘జి.ప.ఉ.పా.’ అంటే జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. దాని మూలం 1959 నాటి పంచాయతీ సమితుల, జిల్లా పరిషత్తుల చట్టంలో ఉంది. ‘మం.ప.ప్రా.పా.’ అని ఉంటే ఆ పేరు 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చిన తర్వాతిది. బడి మాత్రం అంతకంటే చాలా పాతది కావచ్చు. ఉత్త ‘ప్రభుత్వ’ అని ఉంటే అది నేరుగా విద్యాశాఖది. ఊరివాళ్లకు ఈ తేడా పట్టదు, పట్టవలసిన పనీ లేదు. ఉపాధ్యాయులకు మాత్రం అది సీనియారిటీ, పదోన్నతుల సమస్య. సర్వీసు నిబంధనల వివాదం తేలక మండల విద్యాధికారి పోస్టులు ఏళ్ల తరబడి ఇన్‌చార్జీల చేతుల్లో నడిచాయి. బడిని పర్యవేక్షించవలసిన మనిషి మరో బడికి ప్రధానోపాధ్యాయుడు కూడా అయితే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు.

ఈ బడుల పక్కనే మరో రకం ప్రభుత్వ విద్య ఉంది. హకీంపేటలో వైమానిక దళ కేంద్రం ఉండటం వల్ల కేంద్రీయ విద్యాలయం వచ్చింది. బదిలీలయ్యే కేంద్ర ఉద్యోగుల పిల్లలకు అందులో ప్రాధాన్యం. అదే హకీంపేటలో 1993లో క్రీడా పాఠశాల ఏర్పడింది. అక్కడ చేరాలంటే శారీరక సామర్థ్య పరీక్షల్లో నెగ్గాలి. పి.వి. నరసింహారావు హయాంలో 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకుల పద్ధతి తర్వాత రాష్ట్రమంతా పాకింది. గురుకులాల్లో చాలావాటికి ప్రవేశ పరీక్ష ఉంటుంది. పేద పిల్లలకు వీటివల్ల కలిగిన మేలును తక్కువ చేయలేం. కాని ఊరి బడిలో చురుకైన పిల్లలు నాలుగో తరగతి తర్వాత గురుకులానికి వెళ్తే, వారి మార్కులు కూడా అక్కడి లెక్కలోకే వెళ్తాయి. జిల్లా పరిషత్ బడి వడపోత లేకుండా వచ్చినవారందరినీ చేర్చుకుంటుంది. ఈ రెంటినీ ఒకే పట్టికలో పెట్టడం న్యాయం కాదు.

జవహర్‌నగర్‌ను చూడండి. 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడక ముందు అది శామీర్‌పేట మండలంలోనిదే. నగరపు చెత్త చేరే డంపింగ్ యార్డూ, 2008లో మొదలైన బిట్స్ పిలానీ ప్రాంగణమూ ఆ ఒక్క మండలంలోనే ఉండేవి. మండల సగటు లెక్క తీస్తే ఈ అంతరం కనబడదు.

భాష సమస్య కూడా మళ్లీ వచ్చింది, రూపం మార్చుకుని. 2008లో ‘సక్సెస్’ పాఠశాలల పేరుతో ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లిషు మాధ్యమం ప్రవేశించింది. తెలంగాణలో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు అది విస్తరించింది. ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లిషు ఉండే ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. తెలుగు పిల్లవాడికి ఇది ఊతమే. కాని శివారు పరిశ్రమల్లో, నిర్మాణ పనుల్లో బతుకుతున్న ఒడిశా, బిహార్ కుటుంబాల పిల్లలకు రెండు పుటలూ పరాయివే. ఒకప్పుడు ఉర్దూ ముందు తెలుగు బిడ్డ నిలబడిన చోటనే ఇవాళ ఈ పిల్లలు నిలబడ్డారు.

వీరి చరిత్రకు మంచి ఆధారం బడి ప్రవేశాల రిజిస్టరు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, మాతృభాష, అంతకుముందు చదివిన బడి, మానేసిన తేదీ అందులో ఉంటాయి. పాతికేళ్ల రిజిస్టర్లు వరుసగా చదివితే ఊరికి ఎవరు వచ్చారో, ఎవరి పిల్లలు ప్రైవేటు బడికి మళ్లారో తెలుస్తుంది. చివరి గడిని ప్రత్యేకంగా చూడండి. ఇటుక బట్టీల పని వానలు వెనకపట్టాక మొదలై ఎండాకాలంతో ముగుస్తుంది. విద్యాసంవత్సరం జూన్‌లో మొదలవుతుంది. నడుమ చేరి నడుమే వెళ్లిపోయిన పిల్ల పేరు ఈ రిజిస్టరులో ఉంటుంది, ఏ బడి ఫలితాల పట్టికలోనూ ఉండదు.