రేకుపై శిల్పము: కృష్ణారెడ్డిగారి తొలి దినములు

మన సంచికలలో ఏటేట న్యాయవాదులయు, భూస్వాములయు, శాసనసభ్యులయు, విద్యాదాతలయు చరిత్రములు వచ్చుచుండును. అవి రావలసినవే. కాని చిత్రకారుని చరిత్ర, అందునను చిత్రములను అచ్చువేయుటయే జీవితవృత్తిగా గైకొన్నవాని చరిత్ర, ఈ పుటలలో మిక్కిలి యరుదు. చిత్తూరు జిల్లా నందనూరు గ్రామమున 1925వ సంవత్సరము జూలై 15వ తేదీన జన్మించి, పరదేశమున స్థిరపడి, న్యూయార్కు నగరమున 2018వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన కీర్తిశేషులైన కృష్ణారెడ్డిగారి తొలి దినములను గూర్చి యీ వ్యాసమున వ్రాయబూనితిని. బిరుదులు వచ్చిన పిమ్మటి కాలమును అందఱును చెప్పుదురు. ఆ బిరుదులకు తగినవాడుగా ఆయన యెట్లు తయారయ్యెనో చెప్పువారు తక్కువ.

ముందుగా ఒక సందేహమును తీర్పవలెను. అచ్చుబొమ్మ యనగానే మనవారికి రవివర్మ చిత్రముల ప్రతులును, అంగళ్లవారు పంచిపెట్టు పంచాంగపు పటములును తలపునకు వచ్చును. అవి వేఱొకచోట నున్న మూలచిత్రమునకు నకళ్లు. నేను చెప్పబోవు అచ్చు అట్టిది కాదు. ఇందు కళాకారుడు లోహపు రేకును తానే చెక్కి, తానే సిరా పూసి, తానే యంత్రమున నొత్తి కాగితముపైకి దింపును. ఆ కాగితము వెనుక వేఱొక మూలము లేదు, అదియే మూలము. ఈ భేదము తెలియనందుననే మన దేశమున ముద్రణకళ చిరకాలము చిత్రలేఖనమునకు దాసివలె నెంచబడినది.

కృష్ణారెడ్డిగారు మదనపల్లెకు చేరువనున్న ఋషివ్యాలీ పాఠశాలలో చదివిరి. జిడ్డు కృష్ణమూర్తిగారి భావములచే ప్రభావితమైన ఆ విద్యాలయమున పరీక్షల భయముకంటె పరిశీలనకు ఎక్కువ చోటుండెడిది. అచ్చటనుండి 1941లో శాంతినికేతనమునకు పోయి కళాభవనమున చేరిరి. ఆ సంవత్సరమే ఆగస్టు 7వ తేదీన రవీంద్రుడు అస్తమించెను. గురుదేవుడు పోయినను గురుకులము పోలేదు. నందలాల్ బోసుగారు ఆచార్యపీఠమున నుండిరి. వినోదవిహారి ముఖర్జీ, రామకింకర్ బైజ్ గారలు ఆయనకు తోడుగా నుండిరి. రామకింకరుడు 1938లోనే సిమెంటును, కంకరను కలిపి సంతాలుల కుటుంబమును ఆరుబయట నిలిపెను. చలువరాతికి తాహతు లేనిచోట శిల్పము ఆగిపోనక్కఱ లేదని ఆ విగ్రహమును దినదినము చూచు విద్యార్థికి వేఱుగ బోధింప పనిలేదు.

శాంతినికేతనమున అచ్చుపనికి చిన్నచూపు లేకుండుట గమనింపదగినది. దండియాత్రకు గుర్తుగా నందలాలుగారు 1930లో చేసిన గాంధీమహాత్ముని చిత్రము లినోలియమున చెక్కిన అచ్చే. కావున మన విద్యార్థికి అచ్చు వేయుట హీనమైన పనియని తోచుటకు అచ్చట కారణమే లేదు. 1946 వఱకు ఆయన అచ్చట నుండెను. నడుమ 1943లో వంగదేశమును క్షామము పాడుచేసెను. కాళ్లీడ్చుకొనుచు నగరములకు తరలిన జనమును ఆనాటి వంగచిత్రకారులు అనేకులు గీచిరి. ఆ యేండ్లలో అచ్చట కళను నేర్చినవానికి ప్రకృతిశోభ యొక్కటియే పాఠము కాజాలదు.

చదువు ముగిసిన పిమ్మట మద్రాసు ఆయనను పిలిచెను. రుక్మిణీదేవిగారు 1936లో అడయారున స్థాపించిన కళాక్షేత్రమున చిత్రకళాశాఖకు 1947లో ఆయన అధిపతి యయ్యెను. ఇరువదిరెండేండ్ల యువకునకు ఇది చిన్న పదవి కాదు. ఇంతేకాక, మాంటిస్సోరి పద్ధతిలో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చు మద్రాసు కేంద్రమునందును ఆయన చిత్రకళను బోధించెను. మరియా మాంటిస్సోరి 1939లో నెదర్లాండ్సునుండి మన దేశమునకు వచ్చి అడయారుననే తన పద్ధతిని ఉపాధ్యాయులకు నేర్పియుండెను. పిల్లవాని చేతికి వస్తువు నిమ్ము, చేయియే బుద్ధికి దారి చూపును, అనునది ఆ పద్ధతికి మూలము. కృష్ణారెడ్డిగారు తరువాత పారిసున పెద్దవారికి నేర్పిన విధమును చూచినచో, ఈ మద్రాసు దినములు వ్యర్థము కాలేదని నా యభిప్రాయము. ఆయన ముద్రకుడు కాకమునుపే బోధకుడు.

శిల్పమునందలి మక్కువ ఆయనను ఉద్యోగమున నిలువనీయలేదు. లండనునకు పోయి స్లేడు కళాశాలలో హెన్రీ మూరుగారి మార్గమున శిల్పము నభ్యసించెను. అటుపై పారిసు చేరి ఓసిప్ జాడ్కిన్ గారి యొద్ద నేర్చెను. జాడ్కిన్ తానును రష్యా సామ్రాజ్యమునుండి వలసవచ్చినవాడే. తదుపరి 1956–57లో ఇటలీలోని మిలాను నగరమున బ్రెరా కళాశాలలో మరీనో మరీనిగారి శిష్యు డయ్యెను. ఉలి పట్టుటకై ముగ్గురు మహాశిల్పుల యొద్దకు పోయినవాడు ముద్రణకళలో కీర్తిగాంచుట చిత్రముగా తోచవచ్చును. కాని ఉలియే ఆయనను ముద్రణకు దెచ్చినదని చెప్పిన పొరపాటు కాదు.

పారిసున స్టాన్లీ విలియం హేటర్ అను ఆంగ్లేయుడు 1927లో ఒక ముద్రణశాలను తెఱచెను. 1933లో అది చేరిన వీథిలోని యింటి సంఖ్యనుబట్టి దానికి ‘అతెలియె 17’ అని పేరు వచ్చెను. అతెలియె యనగా పనిశాల. పికాసో, మీరో, మాక్సు ఎర్నెస్టు, జకొమెట్టి వంటివారు అచ్చట రేకులు చెక్కిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1940లో, ఆ శాల న్యూయార్కునకు తరలెను. 1950లో హేటర్ మరల పారిసునకు వచ్చెను. ఈ హేటర్ చదివినది రసాయనశాస్త్రము. యౌవనమున పారసీక దేశపు ఆబాదానులో నూనె కంపెనీయందు పనిచేసినవాడు. నూనె గుణము నెఱిగినవాని శాలలోనే నూనె గుణముచే నడచు ముద్రణ పుట్టుట నాకు వింతగా తోపదు. కృష్ణారెడ్డిగారు చేరునప్పటికి శాల యంత వైభవముగా లేదు. యుద్ధానంతరపు పారిసు పేదది. అచ్చటికి వచ్చిన నానాదేశపు యువకులును పేదలే.

ఇక ఆ విధానము. రంగుల అచ్చునకు పూర్వము రంగునకొక రేకు కావలెను. మచిలీపట్టణపు అద్దకమువారు గీతకు ఒక అచ్చును, నింపుటకు వేఱొక అచ్చును వాడుదురు గదా, అట్లే. రెండవ అచ్చు వెండ్రుకవాసి తప్పినను బొమ్మ చెడును. ఒక్క రేకుతో, ఒక్క ఒత్తుతో, పెక్కు రంగులను దింపుటయే ఈ శాలవారు సాధించినది. అది యెట్లన: రేకును ఆమ్లముచే కొఱికించియు, పనిముట్లతో చెక్కియు, మూడు నాలుగు అంతస్తుల లోతులు కల్పింతురు. మొదట చిక్కని సిరాను రేకంతయు పూసి గుడ్డతో తుడువగా అది లోతైన పల్లములలో మాత్రమే నిలుచును. తరువాత అవిసెనూనె హెచ్చుగా కలిపిన పలుచని రంగును గట్టి రోలరుతో దొర్లింతురు. అది మిట్టలకు మాత్రమే అంటును. అటుపై నూనె తక్కువైన బిరుసురంగును మెత్తని రోలరుతో అదిమి దొర్లింతురు. మెత్తనిది గనుక అది నడిమి యంతస్తులకును దిగి రంగు నుంచును. మఱి మిట్టలమీద నున్న మొదటి రంగుతో ఇది కలిసిపోదా? కలియదు. నూనె రాచిన పెనము పిండి నంటనీయనట్లు, పలుచని నూనెరంగు బిరుసురంగును తనపై నిలువనీయదు. క్రమమును తలక్రిందులు చేసినచో ఒకటి యొకటిపై కూర్చుండి కలియును. ఈ కలియుటయు, కలియకుండుటయు తెలిసి వాడుటయే ఇందలి విద్య. రంగుల చిక్కదనముపై నాధారపడుటచే దీనికి స్నిగ్ధతాముద్రణ మనవచ్చును. కడపట తడిపిన కాగితమును రేకుపై పఱచి యంత్రమున నొత్తగా రంగులన్నియు ఒక్కమాఱే దిగును.

దీనిని మనవాడొక్కడే కనిపెట్టెనని సభలలో చెప్పుకొనవలెనను ఆశ మన సంఘీయులకు కలుగుట సహజము. అట్లు చెప్పుట సత్యము కాదు. హేటర్ 1946లో ‘అయిదుగురు మూర్తులు’ అను గొప్ప అచ్చున, చెక్కిన రేకుమీదికే పట్టుతెరలద్వారా రంగులను దింపి, ఒక్క ఒత్తులో వర్ణచిత్రమును సాధించియుండెను. బొంబాయిలో 1921లో జన్మించిన కైకో మోతీగారు కృష్ణారెడ్డిగారితో కలిసి అదే బల్లయొద్ద నూనెల పాళ్లను పరీక్షించెను. శాలలోని యితరులును ప్రతిదినము పక్కవాని రేకును చూచి నేర్చినవారే. అచ్చట రహస్యములను దాచుకొను వాడుక లేదు. ఒకరి తప్పిదము మఱియొకరికి మార్గ మగుచుండెను. అట్టిచోట పుట్టినదానికి ఒక్కని పేరు పెట్టుట, ఊరివారందఱు త్రవ్విన చెఱువునకు ఒక్కని పేరు పెట్టుట వంటిది.

అట్లయిన కృష్ణారెడ్డిగారిదని చెప్పదగినది లేదా? కలదు, అది స్వల్పము కాదు. ఇతరులకు రేకు గీయుటకు ఫలకము. ఆయనకు అది చెక్కుటకు దొరికిన రాయి. లోతులను ఆమ్లమునకు విడువక, ఉలులతోను, గీకుడు పనిముట్లతోను, యంత్రపు పనిముట్లతోను రేకును ఎత్తుపల్లములుగల శిల్పమువలె మలచెను. మిట్టనుండి పల్లమునకు మెట్టుగాక వాలుగా దిగునట్లు చెక్కుటచే, రంగు రంగులోనికి సన్నగా జాఱును. ఆయన అచ్చులలోని నీటికి లోతున్నట్లు కానవచ్చుటకు ఇదియే కారణము. ఈ పనిని శిల్పియే చేయగలడు. మూరు, జాడ్కిన్, మరీనిగార్ల యొద్ద గడచిన యేండ్ల ఫలితము ఇచ్చట గలదు.

1952లో చేసిన ‘కీటకము’, ‘మత్స్యము’ అను అచ్చులలోనే ఈ చేతివాటము మొదలైనది. 1958లోని ‘పశుపాలకము’, 1959లోని ‘నది’ దానిని పెంచినవి. 1963లోని ‘అల’, ‘సుడిగుండము’ అను వాటియందు అది పండినది. ‘సుడిగుండము’ను నేనన్నిటికంటె మిన్నగా నెంతును. గీతలు సుడిలోనికి వంగి లాగబడుచుండగా, నడుమ వెలుగు మిగిలియుండును. చిత్తూరు జిల్లాలో ఏటి నీటికై ఎదురుచూచువారి నడుమ పుట్టినవాడు నీటి నింతగా ధ్యానించెనని వ్రాయ నాకు కోరిక కలదు. కాని చిత్రమును పుట్టినయూరితో ముడిపెట్టి యంతటితో తృప్తిపడుట సులభమైన పని. చూచువానికి అది చాలదు.

1960ల దశకము నడిమికి ఆయన హేటరుతోపాటు ఆ శాలకు సహనిర్దేశకు డయ్యెను. నానాదేశములనుండి యువకులు వచ్చి ఆయన యొద్ద రోలరు పట్టిరి. ఆలీగఢమునుండి వచ్చిన జరీనా హష్మీగారు ఆ దశకముననే ఆ శాలలో పనిచేసిరి. 1968 మే మాసమున పారిసు విద్యార్థులు వీథులకెక్కినప్పుడు ఆయన ‘ప్రదర్శకులు’ అను అచ్చును చేసెను. అలలను చెక్కిన చేయియే జనసమూహమును చెక్కెను. భారతప్రభుత్వము 1972లో పద్మశ్రీ బిరుదము నొసగెను. 1976లో న్యూయార్కునకు మరల వలసపోయి, అచ్చటి విశ్వవిద్యాలయమున ముద్రణకళను బోధించెను. పారిసు శాలలో నోటిమాటగా నడచిన విద్యను 1988లో ఆంగ్లమున గ్రంథముగా ప్రకటించెను. నూనె పాళ్లును, రోలరుల మెత్తదనమును, రంగుల క్రమమును అందు దాచక చెప్పెను.

ఆయన రేకు నొక్కమాఱు చెక్కి, దానినే వేర్వేఱు రంగుల క్రమములతో పలుమాఱులు ఒత్తుచుండెను. అందుచే ఒక్క రేకునుండి దిగిన రెండు కాగితములను ప్రక్కప్రక్కన నుంచినచో, ఒకటి తెల్లవాఱుజామువలెను, రెండవది నడిరేయివలెను కనబడును.