1952: సంస్థానాల సీమలో తొలి ఓటు

హైదరాబాద్ రాష్ట్రంలో వయోజనులందరూ ఓటు వేసి శాసనసభను, ఆ సభ ద్వారా మంత్రివర్గాన్ని ఏర్పరచుకున్న తొలి సంవత్సరం 1952. ఆ ఎన్నికల ప్రస్తావన రాగానే జైలు నుంచి, అజ్ఞాతం నుంచి వచ్చిన కమ్యూనిస్టు నాయకులను గెలిపించిన నల్లగొండ, వరంగల్ జిల్లాలే చాలామందికి గుర్తుకు వస్తాయి. నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి దేశంలో అందరికంటే ఎక్కువ ఓట్లు పడిన మాట నిజమే గనుక ఆ ప్రసిద్ధి అన్యాయమేమీ కాదు. అయితే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాలలో అదే సంవత్సరం జరిగిన మార్పు మరో విధమైనది. కమ్యూనిస్టుల సాయుధ పోరాటం పెద్దగా సాగని చోట, చాలా భాగం శతాబ్దాలుగా స్థానిక రాజవంశాల ఏలుబడిలో ఉన్న చోట, నిన్నటిదాకా అర్జీ పట్టుకొని గడప దగ్గర నిలబడిన రైతు ఓటరుగా మారిన తీరు అక్కడ కనిపిస్తుంది. దానికి దక్కవలసినంత శ్రద్ధ ఇంతవరకూ దక్కలేదు.

ఈ మూడు ప్రాంతాల పాలన ఒక్క తీరుగా ఉండేది కాదు. నాగర్‌కర్నూల్ దివానీ ఇలాకా, అనగా నిజాం ప్రభుత్వం తహసీల్దారుల ద్వారా నేరుగా శిస్తు వసూలు చేసుకునే భూభాగం. పందొమ్మిదో శతాబ్దంలో కొంతకాలం అది జిల్లా కేంద్రంగా కూడా ఉండి, తరువాత ఆ స్థానాన్ని మహబూబ్‌నగర్‌కు వదులుకుంది. గద్వాల, వనపర్తి మాత్రం సంస్థానాలు, అంటే నిజాముకు ఏటా పేష్కష్ అనే కప్పం చెల్లిస్తూ, తమ హద్దులలో శిస్తు, న్యాయం, పోలీసు వ్యవహారాలను చాలావరకు తామే నడుపుకొన్న హిందూ రాజ్యాలు. కొల్లాపురం రాజధానిగా ఉన్న జటప్రోలు, ఆత్మకూరు రాజధానిగా ఉన్న అమరచింత, వాటి పక్కనే గోపాలపేట కూడా ఈ కోవకు చెందినవే. పండిత సత్కారాల వలన గద్వాలకు విద్వద్గద్వాల అనే పేరు వచ్చింది, తిరుపతి వేంకట కవులు ఈ ఆస్థానాలలో అవధానాలు చేశారు. నిజాం రాజ్యంలో ఉర్దూ అధికార భాషగా ఉన్న కాలంలో తెలుగు సంస్కృత విద్యలకు ఆశ్రయమిచ్చిన ఘనత ఈ సంస్థానాలది. కానీ కవిని గౌరవించిన దర్బారు రైతు మాటకు విలువ ఇచ్చిందని చెప్పడానికి లేదు. వెట్టిచాకిరీ, అక్రమ వసూళ్లు సంస్థాన గ్రామాలలోనూ ఉన్నాయి, శిస్తు ఎంత ఉండాలో తేల్చే చోట శిస్తు కట్టేవాడికి స్థానం లేదు.

1948 సెప్టెంబరులో భారత సైన్యం ప్రవేశించి నిజాం పాలన ముగిసిన తరువాత, సైనిక గవర్నరు జనరల్ చౌదరి హయాంలో 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు శాసనం వెలువడింది. ఆ శాసనంలో జాగీరు అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే పాయెగాలు, మక్తాలు, అగ్రహారాల వంటి ఇతర భూదానాలతో పాటు సంస్థానాలు కూడా చేరాయి. పద్దెనిమిదో శతాబ్దం ఆరంభంలో సోమనాద్రి కట్టించిన గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ ఏలుబడి, వనపర్తి రాజుల ఏలుబడి ఈ విధంగా, ఒక్క బాణం ఎగరకుండా, కాగితం మీద ముగిశాయి. అయితే రాజు పోయినంత మాత్రాన ప్రజలకు అధికారం రాలేదు. గ్రామంలో శిస్తు వసూలు చేసే మాలీ పటేలు, శాంతిభద్రతలు చూసే పోలీసు పటేలు, భూమి లెక్కలు రాసే పట్వారీ అలాగే ఉన్నారు, హైదరాబాదులో మొదట సైనిక గవర్నరు, 1950 జనవరి నుంచి ఢిల్లీ నియమించిన ఐసీఎస్ అధికారి వెల్లోడి పాలన సాగించారు.

ఓటు హక్కు రాజ్యాంగం ద్వారా వచ్చిందన్నది వాస్తవమే, కానీ దానిని వాడుకునే తెలివిడి ఒక్క రోజులో వచ్చినది కాదు. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులు అల్లరి చేసి ఆపివేసినప్పుడు, ఆ అవమానం నుంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. అది గ్రామాలలో గ్రంథాలయాలను ప్రోత్సహించింది, వెట్టి గురించి, వర్తకుల ఇబ్బందుల గురించి చిన్న పుస్తకాలు అచ్చువేసింది, 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభగా రూపుదిద్దుకుంది. ఆ తొలి మహాసభకు అధ్యక్షుడు నడిగడ్డ మనిషి, కృష్ణా తుంగభద్రల నడుమ ఆలంపురం తాలూకా ఇటికాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి. రెండో మహాసభకు, 1931లో దేవరకొండలో, అధ్యక్షుడు కల్వకుర్తి తాలూకా పడకల్లులో పుట్టిన బూర్గుల రామకృష్ణారావు. ఇరవై ఏళ్ల తరువాత జరిగిన ఎన్నికల చరిత్ర ఈ రెండు పేర్ల చుట్టూ తిరగడం కాకతాళీయం కాదు.

ఆ కాలపు సభ ఎంత కష్టంతో జరిగేదో గస్తీ నిషాన్ 53 అనే ఉత్తరువును చూస్తే తెలుస్తుంది. గస్తీ అంటే శాఖలన్నింటికీ పంపే ప్రభుత్వ సర్క్యులర్. 53వ నంబరు సర్క్యులర్ ప్రకారం బహిరంగ సభ పెట్టదలచినవారు ముందుగా అనుమతి తీసుకోవాలి, ఆ అనుమతి ఇవ్వడం, ఇవ్వకపోవడం అధికారుల ఇష్టం. ఇటువంటి స్థితిలో 1926లో సురవరం స్థాపించిన గోలకొండ పత్రిక సభ చేయవలసిన పనిని అచ్చులో చేసింది. తెలంగాణలో కవులే లేరన్న ఆక్షేపణకు జవాబుగా 354 మంది కవుల రచనలతో ఆయన 1934లో ప్రకటించిన గోలకొండ కవుల సంచికను సాధారణంగా సాహిత్య ఘటనగానే చెబుతారు. ఊరి పేరుతో సహా కవి పేరు అచ్చులో చూసుకున్న పాఠకులకు తాము కూడా లెక్కలోకి వచ్చే జనమేనన్న భరోసా కలిగింది గనుక, దానిని ప్రజా జీవితపు ఘటనగా కూడా గుర్తించాలి. హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ మీద 1938లో విధించిన నిషేధం ఎనిమిదేళ్లు సాగింది; ఆ తరువాత భారతదేశంలో విలీనం కోసం సాగిన పోరాటం నెత్తురు చిందకుండా పోలేదు, 1947 అక్టోబరులో ఆత్మకూరు దగ్గరి అప్పంపల్లిలో పోలీసు కాల్పులకు 11 మంది ప్రాణాలు కోల్పోయారు.

1952 నాటి హైదరాబాద్ శాసనసభలో 175 స్థానాలు ఉండగా, వాటిని 142 నియోజకవర్గాలుగా విభజించారు. 109 నియోజకవర్గాల నుంచి ఒక్కొక్కరు, 33 నియోజకవర్గాల నుంచి ఇద్దరేసి ఎన్నికయ్యేవారు. అక్షరాస్యులు అతి తక్కువగా ఉన్న దేశంలో ఓటు వేసే పద్ధతిని ఎంతో ఆలోచించి రూపొందించారు. ప్రతి అభ్యర్థికీ ఒక ప్రత్యేకమైన పెట్టె, దాని మీద అతని గుర్తు. కాంగ్రెస్‌కు కాడెద్దులు, సోషలిస్టులకు చెట్టు. రూపాయి నోటంత ఉండే కాగితాన్ని పోలింగ్ అధికారి ఇస్తే, ఓటరు దానిని తీసుకొని తెర చాటుకు వెళ్లి, దాని మీద ఏ గీతా గీయకుండా, తనకు నచ్చిన గుర్తున్న పెట్టెలో వేసి రావాలి. అంతకు ముందే ఎడమ చూపుడు వేలికి చెరగని సిరా పూసేవారు. ఆ ఎన్నికలకు ఇనుప పెట్టెలు తయారు చేసిన కంపెనీలలో హైదరాబాద్ ఆల్విన్ కూడా ఒకటి. పటేలు ముందు నిలబడి మాట్లాడడానికే జంకే కూలీకి ఆ తెర చాటు ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు. అతడు ఏ పెట్టెలో వేశాడో తెలుసుకునే దారి పటేలుకు లేదు.

పోలిక కోసం అమెరికా తొలి అధ్యక్ష ఎన్నిక జరిగిన 1789వ సంవత్సరాన్ని చూడవచ్చు. అక్కడ కూడా రాజరికాన్ని తోసివేసిన జనం కొత్త రాజ్యాంగం కింద తొలిసారి అధికారాన్ని ఎన్నుకున్నారు. అయితే ఓటు ప్రధానంగా ఆస్తి ఉన్న తెల్లజాతి పురుషులకే పరిమితమైంది, కొన్ని రాష్ట్రాలలో అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ప్రతినిధులను శాసనసభలే నియమించాయి, న్యూయార్క్ తన సభల మధ్య తగవు తెగక ఓటే వేయలేదు. స్త్రీలకు, నల్లజాతివారికి ఆ దేశంలో ఓటు అందడానికి తరాలు పట్టింది. వనపర్తి తాలూకాలో 21 ఏళ్లు నిండిన దళిత కూలీ స్త్రీకి మొదటి ఎన్నికలోనే రాజవంశీకులతో సమానమైన ఓటు దక్కిందన్న సంగతిని ఈ పోలికతో కలిపి చూస్తేనే దాని పరిమాణం అర్థమవుతుంది.

వనపర్తి స్థానం నుంచి కాంగ్రెస్ అభ్యర్థిగా సురవరం ప్రతాపరెడ్డి గెలిచారు. మూడేళ్ల క్రితం, 1949లో, ఆంధ్రుల సాంఘిక చరిత్రను ప్రకటించి, రాజుల యుద్ధాలను పక్కన పెట్టి సామాన్యుల తిండి, బట్ట, ఆటపాటలే చరిత్ర అని నిరూపించిన రచయిత, ఒక రాజవంశపు ముఖ్యపట్టణం నుంచి సామాన్యుల ఓట్లతో శాసనసభకు వెళ్లడం ఆ ఏటి ఘటనలలో అన్నిటికంటే సముచితమైనది. రాష్ట్రం మొత్తం మీద కాంగ్రెస్ 93 స్థానాలు, పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేసిన కమ్యూనిస్టులు 42 స్థానాలు గెలుచుకున్నారు. 1952 మార్చి 6న బూర్గుల ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఆ మంత్రివర్గంలో సురవరానికి చోటు లేకపోయింది. ఏళ్ల తరబడి పత్రికను నెత్తిన మోసినవాడిని పక్కన పెట్టడం ఆ ప్రభుత్వానికి శోభనిచ్చిన పని కాదు.

కొత్త ప్రభుత్వానికి ఊపిరి తీసుకునే వ్యవధి కూడా దొరకలేదు. 1948లో భారత సైన్యం ప్రవేశించిన తరువాత బయటి ప్రాంతాలవారు ఉద్యోగాలలో చేరుతున్నారని, స్థానికులకు ఉద్యోగ రక్షణగా ఉన్న ముల్కీ నిబంధనలను దొంగ సర్టిఫికెట్లతో దాటుతున్నారని వరంగల్‌లో విద్యార్థులు లేవదీసిన ఆందోళన రాష్ట్రమంతా పాకి, సెప్టెంబరు మొదటి వారంలో హైదరాబాదు సిటీ కాలేజీ పరిసరాలలో పోలీసు కాల్పులకు దారితీసింది. విచారణకు జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డిని నియమించవలసి వచ్చింది. డిసెంబరు 15న మద్రాసులో ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహార దీక్ష చేస్తున్న పొట్టి శ్రీరాములు ప్రాణాలు విడిచారు, నాలుగు రోజులకు నెహ్రూ ఆంధ్ర రాష్ట్ర ప్రకటన చేశారు.

ఆ ప్రకటనను నడిగడ్డ ప్రజలు విన్న స్థితి ప్రత్యేకమైనది. గద్వాల, ఆలంపురం తాలూకాలు అప్పటికి కన్నడ ప్రాంతమైన రాయచూరు జిల్లాలో ఉన్నాయి; తుంగభద్ర అవతలి గట్టున కర్నూలు కొత్త రాష్ట్రానికి రాజధాని కాబోతుండగా, ఇవతలి గట్టున తెలుగువారు ఇతర భాషల జిల్లా కచేరీకి వెళ్లవలసి వచ్చేది. రాష్ట్రాల పునర్విభజనతో 1956 నవంబరు 1న ఈ రెండు తాలూకాలు మహబూబ్‌నగర్ జిల్లాలో చేరాయి. సురవరం అప్పటికి లేరు. ఆయన 1953 ఆగస్టు 25న మరణించగా, సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. విదేశాంగ శాఖ ఉద్యోగిగా ఆఫ్రికాలో పనిచేసి తిరిగివచ్చిన వనపర్తి రాజవంశ వారసుడు జె. రామేశ్వరరావు 1957లో మహబూబ్‌నగర్ లోక్‌సభ స్థానానికి నిలబడి, తన పూర్వులకు శిస్తు కట్టిన గ్రామాలలో ఓట్లు అడిగి గెలిచారు.