పారిస్ వీధిలో వాన: ఒక తైలవర్ణచిత్రము, దాని చిత్తుప్రతులు

కవి వ్రాసి కొట్టివేసిన పంక్తులు మన ప్రాచీన వాఙ్మయమున దాదాపుగా లభింపవు. తాళపత్రములలో మనకు చిక్కునవి వ్రాయసకాండ్ర పాఠభేదములే కాని కవి స్వహస్తపు చిత్తుప్రతులు కావు. పాఠపరిష్కరణమున శ్రమించువారందఱు ఈ లోటు నెఱిగినవారే. అందుచేతనే, ఒక మహాచిత్రమునకు చిత్రకారుడు తానే వేసికొన్న చిత్తులు కొన్ని నిలిచియుండుట మాకు విశేషముగా దోచినది. ఆ చిత్రము "పారిస్ వీధి, వానదినము". దానిని 1877లో గుస్తావ్ కాయ్‌బోత్ (1848–1894) రచించెను.

ఆ యేడు ఏప్రిల్ నెలలో ఇంప్రెషనిస్టులు జరపిన మూడవ ప్రదర్శనమున నిది ప్రజల యెదుటికి వచ్చినది. ఆ పక్షమువారనగానే, కాన్వాసును ఆరుబయట నిలిపి, వెలుతురు మాఱకమునుపే చిత్రమును ముగించువారని మనము తలంతుము. ఈ చిత్రమును చూడగానే ఆ తలంపు బలపడును. గొడుగుక్రింద దంపతులవలె దోచు నిరువురు మనవైపు నడచి వచ్చుచుందురు. కుడియంచున నొక పురుషుడు వీపు చూపుచు సగము తెగిపోయియుండును. అతని గొడుగు మఱియొక అడుగు వేసినచో వారి గొడుగును తాకక మానదు. ఇది ఒక్క క్షణమున పట్టిన దృశ్యమని యెవరైనను అందురు. అది నిజము కాదని చిత్తులు చెప్పుచున్నవి.

స్థలము ఊహాకల్పితము కాదు. సేం లజార్ రైల్వేస్టేషనునకు సమీపమున మాస్కో వీధి, టురిన్ వీధి మున్నగునవి కలియు కూడలి యిది. నేడు దానిని డబ్లిన్ కూడలి యందురు. 1853 నుండి 1870 వఱకు నగరాధికారిగానున్న ఓస్మాన్ కాలమున పారిసు పొందిన క్రొత్త రూపము, వెడల్పైన తిన్నని వీధులు, ఒకే యెత్తున లేచిన మేడలు, ఇచట కన్పట్టును. ఒక మేడకు పరంజి కట్టియుండుటను బట్టి కట్టడములపని యింకను ముగియలేదని తెలియును.

చిత్తులలో ముఖ్యమైనది మేడలను, వీధులను మాత్రమే చూపు పెన్సిలు రేఖాచిత్రము. అందు మనుష్యుడొక్కడును లేడు. దూరము పోయినకొలది వస్తువులు చిన్నవగు తీరును కొలతతో లెక్కించి, బద్ద యుంచి గీసిన గీతలవి. మనుష్యుల చిత్తులు వేఱు కాగితములపై నున్నవి: గొడుగుక్రింది జంట, గొడుగులు పట్టిన పురుషులు, వారి నిలుకడలు. అటుపై ఈ రెండును ఒక చిన్న తైలవర్ణపు చిత్తులో కలిసినవి. దాని కొలత ఇంచుమించు 54 సెంటీమీటర్ల యెత్తు, 65 సెంటీమీటర్ల వెడల్పు. కుంచె వడిగా పోయినది. ముఖములు లేవు, రంగుల ముద్దలే. తుదిచిత్రము ఏడడుగుల యెత్తు, తొమ్మిదడుగుల వెడల్పు! వానలో, బండ్లు తిరుగు కూడలిలో, అంతటి కాన్వాసును నిలుపుట పొసగదు. నూనెరంగు ఆఱుటకును దినములు పట్టును. వీధిని ముందు నిర్మించి, జనమును పిమ్మట దింపిన కట్టడముగా దీనిని చూడవలయునని మా యభిప్రాయము. నడుమ నిలిచిన దీపస్తంభము చిత్రమును రెండుసగములు చేయుట కాకతాళీయము కాదు. మఱియొక మాట: ఇంత వాన చిత్రమున ఒక్క చినుకైనను కానరాదు. తడిసిన బండరాళ్ళ మెఱపును, విప్పిన గొడుగులును వానను తెలుపుచున్నవి.

ఇట్టి నిర్దుష్టత యొక నిందకు దారితీసినది. కాయ్‌బోత్ చెక్కనేలను చిత్రిక పట్టు పనివారిని చిత్రింపగా, 1875లో ప్రభుత్వ ప్రదర్శనశాల దానిని త్రోసిపుచ్చెను. మఱుసటి యేడు ఇంప్రెషనిస్టులతో ప్రదర్శించినపుడు ఎమిల్ జోలా, అది ఛాయాచిత్రము వంటిదనియు, మక్కికి మక్కి నకలు కళ కాదనియు ఆక్షేపించెను. ఆ జోలాయే 1877లో ఈ వీధిచిత్రమును మెచ్చుకొనుట గమనింపదగినది.

1970వ దశకమున కర్క్ వార్నెడో, పీటర్ గలాసీ అను పండితులు ఆ కూడలి నుండియే ఛాయాచిత్రములు తీయించి, చిత్రముతో పోల్చి పరిశీలించిరి. ఎదుటి రాళ్ళు విశాలముగా పఱచుకొని, వెనుకటి మేడలు వడిగా చిన్నవగుట విశాలకోణపు కటకమును జ్ఞప్తికి తెచ్చును గనుక, చిత్రకారుడు కెమెరా సాయము పొందియుండవచ్చునను వాదము బయలుదేఱినది. అతని తమ్ముడు మార్షియాల్ ఛాయాచిత్రకారుడే; కాని అతని పని 1890 తరువాతిది, దానిని 1877నకు సాక్ష్యముగా కొనితెచ్చుట తగదు. దగ్గఱ నిలిచి, విశాలమైన కోణమును బద్దతో లెక్కించి గీసినను అదే యాకృతి సిద్ధించును. ఒకవేళ మేడలకు ఛాయాచిత్రము తోడ్పడినను, వేఱు కాగితములపై పుట్టిన మనుష్యులను అది సమకూర్చలేదు. నకలు తీయువానికి ఇన్ని చిత్తులతో పని యేమి?

తండ్రి 1874లో మరణింపగా కాయ్‌బోత్ ధనికుడయ్యెను. అమ్ముకొనవలసిన అగత్యము లేకపోయెను. తోడి చిత్రకారుల పటములను కొని, వానిని ప్రభుత్వమునకు మరణశాసనమున నిచ్చిన దాతగానే లోకము చిరకాలము అతనిని స్మరించినది. ఈ పటము ఇరువదవ శతాబ్ది నడిమివఱకు కుటుంబమువద్దనే యుండి, 1964లో షికాగో కళాసంస్థకు చేరినది. 2013–14లో అచట పచ్చబాఱిన వార్నిషును తొలగింపగా, పసుపుచాయ కప్పిన యాకాశము చల్లని బూడిదవన్నెలతో వెలువడినది. తైలవర్ణపు చిత్తు మాత్రము పారిసులోని మార్మొతాన్ ప్రదర్శనశాలయందున్నది. కావున రెంటిని పోల్చదలచువారు సామాన్యముగా అచ్చుప్రతులనే యాశ్రయింపవలసియున్నది. వార్నిషు తొలగింపక పూర్వపు అచ్చుప్రతులతో పోల్చినచో వన్నెల విషయమున పొరపాటు జరుగును.