కండరములోని భాస్వరము

రామచంద్రపురము చుట్టుపట్ల పల్లెలలో ఎవరికైనను పక్షవాతము వచ్చినదని వినగానే ఇరుగుపొరుగువారు మొదట అడుగు ప్రశ్న "ఏ తైలము రాయుచున్నారు?" అనియే. నారాయణ తైలమని యొకరు, కర్పూర తైలమని యొకరు, నీలగిరి తైలమని మరియొకరు చెప్పుదురు. మా మేనమామగారికి కుడిచేయియు కుడికాలును పడిపోయిన నాడు మా యింట జరిగినదియు ఇదియే. తెల్లవారుజామున మాట తడబడినది. మధ్యాహ్నమువరకు మర్దన సాగినది. ప్రొద్దు వాలిన తరువాత గాని ఆసుపత్రి మాట ఎవరి నోటను రాలేదు. ఆ దినము తలపునకు వచ్చినప్పుడెల్ల, పడిపోయిన చేతిలోని కండకు నిజముగా ఏమైనది, అసలు కండకు బలమెక్కడినుండి వచ్చును అను రెండు ప్రశ్నలు నన్ను వెంటాడుచుండును. ఈ రెండవ ప్రశ్నకు సమాధానము కనుగొన్నవారిలో ఒకరు మన గోదావరి సీమ బిడ్డయే యగుటచేత, ఆ చరిత్రను ఈ పూట మీకు మనవి చేయ సాహసించుచున్నాను.

మొదటి ప్రశ్నకు సమాధానము చిన్నది. పక్షవాతమున చెడునది కండ కాదు. మెదడులో రక్తనాళము పూడుకొనిపోవుటచేతనో చిట్లుటచేతనో, ఆజ్ఞ నిచ్చు స్థానము దెబ్బతినును. ఎడమ మెదడు దెబ్బతిన్నచో కుడియంగము పడును. కండ తన సామగ్రి నంతయు దాచుకొని, రాని ఆజ్ఞకై ఎదురు చూచుచుండును. పని లేక యుండగా క్రమముగా కృశించును. కొంతకాలమునకు బిగిసికొనిపోవుటయు కలదు. తైలము చర్మమును దాటి ఈ లోపమును సరిదిద్దలేదు. అట్లని సువాసన తైలములు వట్టివని నే ననను. పుదీనా పువ్వు చల్లదన మెట్లు తోపించునో 2002లో తేలినది: చర్మములోని నరముల కొనల యందు చలిని గుర్తించు ద్వార మొకటి కలదు, పుదీనా పువ్వు ఆ ద్వారమునే తెరచును. ఈ స్పర్శ పరిశోధనల శాఖకు 2021లో నోబెల్ బహుమానము లభించినది. నొప్పికి ఉపశమనము, మర్దన చేయువారి చేతి ఆప్యాయత, ఇవి మెచ్చదగినవే. అయితే రక్తపుగడ్డను కరిగించు మందును అమెరికాలో పక్షవాతమునకు అంగీకరించినది 1996లో. ఆ మందు పనిచేయు వ్యవధి మొదట మూడు గంటలు, పిమ్మట నాలుగున్నర గంటలు. మా యింటిలో ఆ గంటలు తైలపు గిన్నె ప్రక్కనే గడచిపోయినవి.

ఇక రెండవ ప్రశ్న. 1922 సంవత్సరపు నోబెల్ బహుమానమును కండరముల పరిశోధనకు గాను ఇంగ్లండు దేశస్థుడగు ఏ. వి. హిల్, జర్మనీ దేశస్థుడగు ఆటో మేయర్‌హాఫ్ పంచుకొనిరి. కండ ముడుచుకొన్నపుడు అందులో పుట్టు లాక్టిక్ ఆమ్లమే ఆ కదలికకు కారణమని నాటి పండితుల నమ్మకము. నోబెల్ ముద్ర పడిన సిద్ధాంతమును శంకించుటకు ఎవరు ముందుకు వత్తురు?

సరిగా ఆ యేటనే, అక్టోబరు 26వ తేదీన, యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టను నగరమున దిగిరి. వీరు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. రాజమహేంద్రవరమున చదువు సాగక, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనికుడు కావలెనని చిన్ననాట ఇల్లు విడిచిరనియు, తల్లి వెంకమ్మగారు వెనుకకు రప్పించిరనియు చెప్పుదురు. మూడవమారు గాని మెట్రిక్యులేషను పరీక్ష గట్టెక్కలేదు. మదరాసు వైద్య కళాశాలలో ఖద్దరు దుస్తులు ధరించి శస్త్రచికిత్సకు నిలిచినందున ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, పూర్తి పట్టమునకు బదులు ఎల్. ఎం. ఎస్. మాత్రమే పొందిరి. ఇద్దరు సోదరులు కొలది దినముల తేడాలో కన్నుమూసిరి. పిమ్మట మదరాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రము బోధించిరి. తైలముల శాస్త్రము చదువుకొను విద్యార్థులకు కండరముల అమరిక చెప్పినవారే, తరువాత ఆ కండరముల లోపలి రహస్యమును విప్పిరన్న మాట. అమెరికా ప్రయాణమునకు మామగారు సమకూర్చిన సొమ్మును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయమును ఆధారమైనవి. అక్కడ ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పని చేయుచు చదువుకొనిరి.

హార్వర్డు వైద్య విద్యాలయమున సైరస్ ఫిస్క్ అను ఆచార్యుని క్రింద వీరికి దొరికిన పని, పైకి చూడ స్వల్పమైనది: రక్తమునందును మూత్రమునందును భాస్వరమును కొలుచుటకు మేలైన పద్ధతి కనుగొనుట. వీరిరువురును కనుగొన్న పద్ధతి 1925లో ప్రకటితమైనది. పరీక్షింపవలసిన ద్రవమునకు ఆమ్లమును, మాలిబ్డేటు లవణమును చేర్చి, మరియొక ద్రవ్యమును కలిపినచో నీలవర్ణము కలుగును. నీలము ఎంత చిక్కనో ఫాస్ఫేటు రూపమున నున్న భాస్వర మంత ఎక్కువ. రోగనిర్ధారణ శాలలలో ఈ పద్ధతి దశాబ్దములపాటు వాడుకలో నుండెను.

ఇదే పరీక్షను కండరసారమునకు చేయగా ఒక వింత కనబడినది. వట్టి ఫాస్ఫేటు ద్రవములో నీలము కొన్ని నిమిషములలో పూర్తిగా తేలును. కండరసారములో నన్ననో, నీలము తాపీగా, ఆలస్యముగా చిక్కనగును. ఇతరులైనచో పద్ధతిలో లోపమనుకొని, కడపటి రంగునే లెక్కలో వ్రాసికొని ఊరకుందురు. నా దృష్టిలో ఈ కథ కంతటికి ప్రాణము ఈ ఘట్టమే. ఆలస్యమునకు హేతువుండవలెనని వారు పట్టుపట్టిరి. ఆమ్లము తగిలినంతనే విడిపోవు సున్నితమైన పదార్థ మొకటి కండలో కలదు. అది విడిపోవుచున్నకొలది ఫాస్ఫేటు వెలువడి నీలము పెరుగుచున్నది. ముందటివారు ఆ ఫాస్ఫేటును ఒంటరిగా నున్నదని లెక్కించుచుండిరి. పరీక్షింపగా ఒక పాలు ఫాస్ఫేటుకు ఒక పాలు క్రియాటిన్ జతగా నున్నట్లు తేలినది. అదియే ఫాస్ఫోక్రియాటిన్. 1927 ఏప్రిలులో ఈ సంగతి ప్రకటించిరి. కండను విద్యుత్తుతో పనిచేయించినచో ఆ పదార్థము తగ్గును. విశ్రాంతి నిచ్చినచో మరల కూడును. ఆ యేడే లండనులో ఎగిల్టన్ దంపతులు కూడ ఈ పదార్థమును గుర్తించిరి గాని, దానిలో క్రియాటిన్ కలదని తేల్చినది బోస్టను వారు.

1929లో మరియొక పదార్థము బయటపడినది. నేటి విద్యార్థులు ఏ. టి. పి. అని పిలుచునది. జర్మనీలో కార్ల్ లోమన్, బోస్టనులో ఫిస్క్, సుబ్బారావుగారు వేరువేరుగా దానిని వేరుచేసిరి. మరుసటి యేట డెన్మార్కు శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లము పుట్టకుండునట్లు విషమిచ్చిన కండ కూడ కొంతసేపు ముడుచుకొనుననియు, అప్పుడు తరుగునది ఫాస్ఫోక్రియాటిన్ అనియు చూపెను. పాత సిద్ధాంతము అంతటితో కూలినది.

మన డెల్టా రైతు లెక్కలో చెప్పవలెనన్న, ఏ. టి. పి. చేతిలోని చిల్లర; ఒకటి రెండు క్షణములలో ఖర్చగును. ఫాస్ఫోక్రియాటిన్ మొలలోని సంచి; పరుగెత్తువానికి సుమారు పది సెకనులు ఆదుకొనును. లాక్టిక్ ఆమ్లముగా మారు చక్కెర నిలువ గాదెలోని ధాన్యము. తీసి దంచుకొనుటకు వ్యవధి కావలెను.

ఇంత చేసినను సుబ్బారావుగారికి హార్వర్డులో స్థిరమైన ఆచార్యపదవి దక్కలేదు. అదే శాలలో చదివి, 1988లో నోబెల్ బహుమానము నొందిన జార్జి హిచింగ్స్, ఫిస్క్ ఈర్ష్యచేత సుబ్బారావుగారి కృషిలో కొంత వెలుగు చూడలేదనియు, దానిని ఇతరులు మరల కనుగొనవలసి వచ్చినదనియు అభిప్రాయపడిరి. 1940లో వీరు లెడర్లే ఔషధశాలకు తరలిపోయిరి. అక్కడ వీరి ఆధ్వర్యమున ఫోలిక్ ఆమ్లమును తయారుచేసిరి. బోదకాలి మందగు హెట్రజాన్ 1947లో వెలువడినది. ఆ వ్యాధి మన కాలువల వెంబడి ఎందరిని పీడించినదో మీకు తెలియనిది కాదు. 1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్ల వయస్సున, వీరు పరమపదించిరి.

1974లో ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞులు అయస్కాంత శక్తి సహాయమున, సారము తీయకయే, ఎలుక కాలి కండలోని భాస్వరమును చూడగలిగిరి. గీసిన రేఖలో ఏ. టి. పి. శిఖరములును, వానిని మించి ఎత్తున ఫాస్ఫోక్రియాటిన్ శిఖరమును నిలిచినవి. తరువాత అదే విధమున కోత లేకయే మనుష్యుని కాలుసేతులను పరీక్షించుట సాధ్యమైనది.

మా మేనమామగారి కిపుడు వ్యాయామ చికిత్సకుడు దినమును విడిచి దినము వచ్చి, చెంబెడు నీళ్లు కుడిచేతితో ఎత్తించుచున్నాడు. మొదటి నెలలో చెంబు కదలలేదు. ఈ మధ్య నడుమువరకు వచ్చుచున్నది. అత్తగారు తైలము మాత్రము మానలేదు. చికిత్సకుడు వెళ్లిన తరువాత రాయుదురు.