‘వలయు’ నుంచి ‘ఆలి’ దాకా

వ్యాకరణాన్ని సూత్రాల మూటగా మాత్రమే చూసేవారికి క్రియల చివర దాగివున్న సామాజిక చరిత్ర కనిపించదు. విధి, నిషేధం, సామర్థ్యం, ఆకాంక్ష: వీటిని చెప్పే రూపాలు ఏ భాషలోనూ స్థిరంగా నిలవవు. ఇంగ్లీషు ‘విల్’కు ఒకనాటి అర్థం కోరుకోవడం, ‘షల్’కు బాకీపడటం. తరవాత రెండూ భవిష్యత్తును చెప్పే సహాయక్రియలయ్యాయి.

మన ‘వలయు’ కూడా కోరికలోంచి పుట్టిందే. ‘వలచు’, ‘వలపు’ దాని చుట్టాలు. అయితే అది భవిష్యత్తు వైపు కాక విధి వైపు నడిచింది. ‘చేయవలెను’ జనం నోట అరిగి తెలంగాణలో ‘చెయ్యాలె’, రాయలసీమలో ‘చెయ్యాల’, కోస్తాలో ‘చెయ్యాలి’ అయింది. ‘వలదు’ ‘వద్దు’ అయింది. 1858 నాటి బాలవ్యాకరణాన్ని కొలబద్దగా పట్టుకున్న పండితులకు ఇవన్నీ గ్రామ్యాలు. కాని ఆ వ్యాకరణం భవిష్యదర్థంలో చెప్పిన ‘చేయగలడు’ కూడా జనవ్యవహారంలో సామర్థ్యానికి మారిపోయింది. ‘ప్రయాణికులు గమనించగలరు’ వంటి ప్రకటనల్లోనే పాత వాసన మిగిలింది. మారడం భాషకు జబ్బు కాదు, జీవలక్షణం. మా అనకాపల్లి జిల్లా రాయవరంలో 1862లో పుట్టిన గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించింది జీవద్భాష పక్షానే. గిడుగు రామమూర్తి జీవితమంతా పోరాడిందీ అందుకే.

ఇక్కడితో ఆగితే సగమే చూసినట్టు. ‘నాకు భూమి కావాలి’ అన్నప్పుడు కోరేవాడు ‘నాకు’ అంటూ ఎదుట నిలబడతాడు. ‘రేపు నువ్వు చెరుకు నరకాలి’ అన్నప్పుడు చేసేవాడే కనిపిస్తాడు. ఆ పని ఎవరికి కావాలో వాక్యం చెప్పదు. కోరిక ఒకరిది, చాకిరీ మరొకరిది. కోరినవాడు వాక్యంలోంచి తప్పుకోగానే అతని అవసరం లోకధర్మంలా వినిపిస్తుంది.

ఇది భూస్వాములు చేసిన మార్పు అనడం యాంత్రికం. ప్రత్యయాన్ని వర్గం పుట్టించదు. దాన్ని ఎవరు ఎవరిమీద ప్రయోగిస్తారన్నది మాత్రం సామాజిక సంబంధాలను బట్టి ఉంటుంది. అందుకే అదే ‘ఆలి’ ఊరేగింపులో ‘కూలి పెరగాలి’ అయినప్పుడు దిశ మారుతుంది. ‘వర్ధిల్లుగాక’ అన్న ఆశీస్సు పైనుంచి కిందికి దిగేది. ‘వర్ధిల్లాలి’ అన్న నినాదం కిందినుంచి పైకి లేస్తుంది.

పాత్ర చేత ‘చెయ్యాలి’ అనిపించేముందు రచయిత వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: ఎవరికి కావాలి?