గోజీ పండ్లు, కంటి ఆరోగ్యం: హైదరాబాదు నేపథ్యంలో ఒక చరిత్ర

గోజీ చైనా వాయవ్య ప్రాంతంలో విరివిగా పండే ఎర్రటి చిరుపండు. ఎండాక కిస్‌మిస్ అంత ఉంటుంది. శాస్త్రనామం లైసియం బార్బరం. ఈ పేరు 1753లో లిన్నేయస్ పెట్టినది. వంగ, టమాటా, మిరప, మన పొలంగట్ల మీద మొలిచే కామంచి అన్నీ దీని కుటుంబంలోనివే. కంటిచూపును కాపాడుతుందన్న పేరుతో ఈ పండు 21వ శతాబ్దంలో రసంగా, పొడిగా, గుళికలుగా ప్రపంచమంతటా అమ్మకానికి వచ్చింది. హైదరాబాదు ఉత్తర శివారులో, గండిమైసమ్మ చౌరస్తా నుంచి మేడ్చల్, శామీర్‌పేట దాకా, ఇది పంట కాదు, కొనుక్కునే సరుకు. కానీ ఆహారంలోని ఒక పదార్థాన్ని విడిగా ఇచ్చి కంటిజబ్బును ఆపవచ్చా అన్న ప్రశ్న మీద ఈ నగరంలో దశాబ్దాల పాటు పని జరిగింది. గోజీ గురించిన మాటలను ఆ పని పక్కన పెట్టి చూస్తే వాటి బరువెంతో తెలుస్తుంది.

చైనా నుంచి సీసాల దాకా

చైనా ప్రాచీన వైద్య గ్రంథం షెన్నోంగ్ బెన్‌సావో జింగ్‌లోనే ఈ మొక్క ప్రస్తావన ఉంది. సంప్రదాయ చైనా వైద్యం దీన్ని కాలేయానికి, మూత్రపిండాలకు, కళ్లకు మేలుచేసేదిగా చెబుతుంది. అక్కడి ఇళ్లలో సూపులో, టీలో వేసుకుంటారు. నింగ్‌షియా ప్రాంతంలోని జోంగ్‌నింగ్ దీని సాగుకు పేరుపడింది. 2000 తర్వాత అమెరికాలో గోజీ రసాన్ని హిమాలయాల అద్భుతఫలమంటూ అమ్మారు. సరుకు చాలావరకు చైనా మైదానాల తోటలదే. హిమాలయాల పేరు సీసా మీది అలంకారం. మన దేశంలో లడఖ్‌లో పెరిగే నల్లగోజీ దీనికి దాయాది, వేరే జాతి.

ఈ పండుకూ కంటికీ ఉన్న అసలు ముడి జియాజాంతిన్ అనే పసుపు వర్ణకం. రెటీనా నడుమ, అక్షరాలు చదవడానికీ ముఖాలు గుర్తుపట్టడానికీ పనికొచ్చే చిన్న భాగాన్ని మాక్యులా అంటారు. అక్కడి పసుపు రంగుకు లుటీన్, జియాజాంతిన్ కారణమని 1985లో బోన్, లాండ్రమ్ బృందం గుర్తించింది. ఈ వర్ణకాలు నీలికాంతిని వడగడతాయి. శరీరం వీటిని తయారుచేసుకోలేదు కాబట్టి తిండి నుంచే రావాలి. ఎండు గోజీలో జియాజాంతిన్ ఎక్కువ భాగం కొవ్వు ఆమ్లంతో కలిసి ఉంటుంది. అందుకే కొవ్వు లేకుండా తింటే ఒంటికి పట్టేది తక్కువ. వేడి పాలలో కలిపి మెత్తగా చేసిన గోజీ నుంచి జియాజాంతిన్ బాగా అందుతుందని హాంకాంగ్ పరిశోధకులు 2006లో చూపించారు.

మనుషుల మీద జరిగిన పరీక్షలు కొన్నే, అవీ చిన్నవి. 2005లో అచ్చయిన ఒక అధ్యయనంలో రోజుకు 15 గ్రాముల చొప్పున 28 రోజులు తిన్నవారి రక్తంలో జియాజాంతిన్ సుమారు రెండున్నర రెట్లయింది. 2011లో మరొకటి 65–70 ఏళ్ల ఆరోగ్యవంతుల మీద 90 రోజులు సాగింది. గోజీ తీసుకున్నవారి మాక్యులాలో మార్పు రాలేదు, తీసుకోనివారిలో కొంత వచ్చింది. 2021లో కాలిఫోర్నియా డేవిస్ విశ్వవిద్యాలయం వెలువరించిన అధ్యయనంలో 45–65 ఏళ్లవారు 27 మంది పాల్గొన్నారు. వారిలో 13 మంది వారానికి ఐదుసార్లు 28 గ్రాముల గోజీ తిన్నారు, 14 మంది లుటీన్, జియాజాంతిన్ గుళికలు వేసుకున్నారు. మూడు నెలలకు మాక్యులా వర్ణకం పెరిగింది గోజీ తిన్నవారిలోనే. ఆశ కలిగించే ఫలితమే. అయితే వర్ణకం పెరగడం వేరు, చూపు పోకుండా ఆగడం వేరు. రెండోదాన్ని ఈ అధ్యయనాలేవీ కొలవలేదు.

హైదరాబాదులో విటమిన్ ఎ అధ్యాయం

కూనూరులో 1918లో రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి పరిశోధన కోసం మొదలుపెట్టిన చిన్న విభాగం 1958లో హైదరాబాదుకు తరలింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కన స్థిరపడి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాక దారిన వెళ్లేవారు ఈ సంస్థను ఎన్‌ఐఎన్ అనే పిలుస్తారు.

ఆ రోజుల్లో కంటి సమస్యల్లో పోషకాహార లోపానిది పెద్దపీట. చీకటి పడితే తడుముకునే పిల్లలు, తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చలు, ముదిరితే నల్లగుడ్డు మెత్తబడి శాశ్వత అంధత్వం. కారణం విటమిన్ ఎ లోపం. రేచీకటికి మేక కాలేయం పెట్టమని సుశ్రుత సంహితే చెప్పింది. కాలేయం ఆ విటమిన్‌కు గిడ్డంగి అన్న సంగతి ఆధునిక శాస్త్రానికి చాలా తర్వాత తెలిసింది. ఎన్‌ఐఎన్ శాస్త్రవేత్తలు ఆ గిడ్డంగి గుణాన్నే వాడుకున్నారు. రోజూ కొంచెం ఇవ్వడానికి బదులు ఒకేసారి భారీ మోతాదు నోట్లో పోస్తే, కాలేయం దాచుకుని నెలల తరబడి వాడుకుంటుంది. గ్రామాల్లో పరీక్షించి 1970లో ఫలితాలు ప్రచురించారు. అదే ఏడాది పోషకాహార లోపపు అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం మొదలైంది. ఒకటి నుంచి ఐదేళ్ల పిల్లలకు ఆరు నెలలకోసారి 2 లక్షల అంతర్జాతీయ యూనిట్లు ఇవ్వాలన్నది నియమం. తొమ్మిదో నెలలో తట్టు టీకాతో పాటు 1 లక్ష యూనిట్ల తొలి మోతాదు ఇవ్వడం తర్వాత చేరింది.

అంతటితో ఆగి ఉంటే ఇది ఒక విజయగాథ మాత్రమే అయ్యేది. 1980ల్లో విదేశీ అధ్యయనాలు కొన్ని ఈ విటమిన్ ఎ చుక్కలతో పిల్లల మరణాలు బాగా తగ్గుతాయని చెప్పాయి. ఎన్‌ఐఎన్‌కు చెందిన విజయరాఘవన్ బృందం హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో 15 వేలకు పైగా పిల్లలతో ఆ మాటను పరీక్షించింది. 1990లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితం వేరుగా ఉంది: చుక్కలు వేసినవారికీ వేయనివారికీ మరణాల్లో తేడా కనపడలేదు. సంస్థ మాజీ సంచాలకుడు సి. గోపాలన్ (1918–2019) ఎప్పటినుంచో తిండి పక్షాన మాట్లాడినవారు. సీసా చుక్కలు తాత్కాలికమే, ఆకుకూర, పండు, పాలు అందించడమే దారి అన్నది ఆయన వాదన. చుక్కల మందు పుట్టిన చోటే దాని హద్దుల మీద అంత గట్టిగా చర్చ జరగడం ఈ కథలో చెప్పుకోదగిన భాగం. రక్తంలో వర్ణకం పెరిగిందని సంబరపడే నేటి ప్రకటనలకు ఆ ఓపిక లేదు.

లోపం మాత్రం క్రమంగా తగ్గింది. 2002–03లో జాతీయ పోషకాహార పర్యవేక్షణ సంస్థ ఎనిమిది రాష్ట్రాల గ్రామాల్లో చూసినప్పుడు, బడి ఈడు రాని పిల్లల్లో తెల్లగుడ్డు మచ్చలు 0.8 శాతం మందిలోనే ఉన్నాయి.

తెలుగువారి చూపు ఎందుకు తగ్గుతోంది

గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ, 1996–2000 మధ్య ఆంధ్రప్రదేశ్ కంటిజబ్బుల అధ్యయనం చేసింది. హైదరాబాదు నగరం, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 10,293 మందిని పరీక్షించింది. అంధత్వం 1.84 శాతం మందిలో తేలింది. అందులో 44 శాతానికి శుక్లం కారణం, 16 శాతానికి సరైన అద్దాలు లేకపోవడం. అంటే ఆపరేషనో, కళ్లజోడో చాలు. ఈ రెంటికీ గోజీ చేయగలిగింది ఏమీ లేదు. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలుపెట్టి, 2023 జనవరి 18న ఖమ్మంలో రెండో విడతకు తెరతీసిన కంటి వెలుగు ఊరూరా పరీక్షలు చేసి కళ్లజోళ్లు పంచింది. సమస్య ఎక్కువగా ఉన్న చోటును పట్టుకున్న పథకం అది.

గోజీకి సంబంధించిన జబ్బు వయసుతో వచ్చే మాక్యులా క్షీణత. ఆంధ్రప్రదేశ్ అధ్యయనంలో 40 ఏళ్లు దాటినవారిలో ఇది 1.82 శాతం. చుట్టలు ఎక్కువగా కాల్చేవారిలో ముప్పు మరింత ఎక్కువని కూడా తేలింది. చుట్ట మానడానికి ఖర్చు లేదు, ఎండు గోజీకి ఉంది.

మాక్యులా క్షీణతకు పెద్ద పరీక్ష 2013లో అమెరికాలో ఫలితాలు వెలువడ్డ ఏఆర్‌ఈడీఎస్2. నాలుగు వేలకు పైగా రోగులతో జరిపిన ఈ పరీక్షలో 10 మి.గ్రా. లుటీన్, 2 మి.గ్రా. జియాజాంతిన్ వాడారు. ఈ జబ్బుకు అంతకుముందు వాడిన గుళికల సూత్రంలోని బీటా కెరోటిన్ పొగతాగేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెంచుతుంది. అందుకే దాని బదులు ఇవి వాడటం మేలన్న నిర్ణయానికి వచ్చారు. ఈ గుళికలు జబ్బు మధ్య దశలో ఉన్నవారికి అది ముదరకుండా చూడటానికే. ఆరోగ్యంగా ఉన్న కంటికి చూపు పెంచుతాయని ఆ పరీక్ష చెప్పలేదు.

మన వంటింట్లో

కంటికి మంచిదని తెలుగిళ్లలో పెద్దలు చెప్పేది పొన్నగంటి కూర. మునగాకు, అవిసాకు, తోటకూరా ఆ వరుసలోవే. ఆకుకూరల్లో లుటీన్, బీటా కెరోటిన్ దండిగా ఉంటాయి. జియాజాంతిన్‌కు మొక్కజొన్న, కోడిగుడ్డు పచ్చసొన మంచి మూలాలు. గుడ్డులోని కొవ్వు వల్ల అది తేలిగ్గా ఒంటికి పడుతుంది. ఎండుమిరపలోనూ జియాజాంతిన్ ఉంది కానీ, ఆ లెక్కన గుంటూరు కారంతో కళ్లు కాపాడుకోవాలంటే ముందు కడుపు ఒప్పుకోవాలి. శుద్ధి చేయని ఎర్ర పామాయిల్‌ను బీటా కెరోటిన్ కోసం వాడవచ్చా అని కూడా ఎన్‌ఐఎన్ పరిశోధించింది.

విపణి, చట్టం, జాగ్రత్తలు

హైదరాబాదు ఉత్తర శివారు మందుల తయారీకి పేరున్నది. 2016లో ఏర్పడ్డ దుండిగల్ గండిమైసమ్మ మండలంలోని గాగిల్లాపూర్‌లో గ్రాన్యూల్స్ ఇండియా మాత్రల కర్మాగారం ఉంది. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ విస్తరించింది. హైదరాబాదు కేంద్రంగా ఉన్న దివీస్ లేబొరేటరీస్ బీటా కెరోటిన్, లుటీన్ వంటి కెరోటినాయిడ్లను తయారుచేస్తుంది. చట్టం మాత్రం మందును, ఆహార పూరకాన్ని వేరువేరుగా చూస్తుంది. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2016లో చేసిన నిబంధనల ప్రకారం పూరకం డబ్బా మీద వైద్య వినియోగానికి కాదని స్పష్టంగా రాయాలి. అంధత్వం, శుక్లం, గ్లకోమా నయమవుతాయని ప్రకటించడాన్ని 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల చట్టం నిషేధిస్తోంది.

రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవారు గోజీ తీసుకుంటే రక్తస్రావం ముప్పు పెరగవచ్చని 2001 నుంచి వైద్య పత్రికల్లో నివేదికలు వస్తున్నాయి. చక్కెర, రక్తపోటు మందులు వాడేవారూ ముందు డాక్టరును అడగడం మంచిది. ఏఆర్‌ఈడీఎస్2 గుళికలు ఇప్పటికే వాడుతున్నవారికి రోజువారీ మోతాదులోనే 2 మి.గ్రా. జియాజాంతిన్ అందుతోంది కాబట్టి, గోజీ తినాలనుకుంటే దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.